సీసీ రోడ్డు మీద స్లాలం: విజయనగరం ప్రాజెక్టు డైరీ

మార్చి ఆఖరు

అమ్మడు బోస్నియా నుంచి వచ్చింది. యాహోరినా కొండ మీద రెండు స్లాలం పోటీల్లో దిగింది. స్లాలం అంటే మంచు వాలు మీద వరసగా పాతిన కర్రల్ని (వాటినే గేట్లంటారు) అటొకటీ ఇటొకటీ చుట్టుకుంటూ దిగే స్కీ పందెం. ఫలితాల పట్టికలో ఒకదానికెదురుగా డీఎన్‌ఎఫ్, ఇంకోదానికెదురుగా డీఎస్‌క్యూ. ఒకటి పూర్తి చెయ్యలేదు, రెండోది పూర్తి చేసినా కొట్టేశారు. 1984 సారాయెవో వింటర్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ ఆల్పైన్ పోటీలు ఆ కొండ మీదే జరిగాయి కాబట్టి, మంచి చోటే ఓడింది. మా వీధిలో మాత్రం ‘పిల్ల రెండుసార్లూ పడిపోయిందట’ అని చెప్పుకుంటున్నారు. ఒక్కసారి కూడా పడలేదు. వీడియోలు నా ఫోన్లో ఉన్నాయి.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. అమ్మడు నా మేనకోడలు. మా బావ ఆర్మీ. ఆయన గుల్మార్గ్‌లో పనిచేసిన రోజుల్లో పిల్ల అక్కడే స్కీయింగ్ నేర్చుకుంది. ఇప్పుడు ఇంటర్ విజయనగరంలో, చలికాలం క్యాంపు గుల్మార్గ్‌లో. నాది వెల్డింగ్ షాపు. గ్రిల్స్, షెడ్లు, ట్రాక్టరు ట్రక్కులు చేస్తాను. మంచు మీద నేనెప్పుడూ కాలు పెట్టలేదు.

వీడియో ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ చూశాం. మొదటి పోటీలో పని చెడింది హెయిర్‌పిన్ దగ్గర. రెండు గేట్లు వాలు వెంబడి నిలువుగా, దగ్గరదగ్గరగా పాతి ఉంటాయి. ఒక పక్క నుంచి దూరి వెంటనే రెండో పక్కకు తిరగాలి. సరిగ్గా కొండ నిటారుగా దిగే చోట, పైనుంచి కనపడకుండా పెట్టారు దాన్ని. అమ్మడు మామూలు గేటనుకుని నేరుగా పోయింది, దారి తప్పింది, ఆగింది, పక్కకొచ్చేసింది.

నేను రూల్సు తెరిచి చదివాను. స్లాలంలో గేటు తప్పితే వెనక్కి ఎక్కి మళ్ళీ దూరి రావచ్చు. వెనక బయల్దేరిన రేసరు మనల్ని దాటకూడదు, మనం వాళ్ళకి అడ్డం పడకూడదు, అంతే.

"ఎక్కొచ్చా?" అంది అమ్మడు.

"గేట్లు దూరదూరంగా ఉండే జెయింట్ స్లాలంలో ఎక్కకూడదు. ఇందులో ఎక్కొచ్చు."

"ఎవులూ చెప్పలేదు మావయ్యా."

రెండో పోటీ ఇంకా కడుపుమంట. కిందిదాకా బ్రహ్మాండంగా వచ్చింది, చేతులెత్తింది, బోర్డు మీద టైము కూడా చూసుకుంది. ఆ తర్వాత గేట్ జడ్జి కాగితంలో స్ట్రాడిల్ అని తేలింది. గేటు కర్ర రెండు కాళ్ళ మధ్యలోంచి పోయిందన్నమాట. రెండు స్కీల ముందు మొనలూ, రెండు పాదాలూ గేటు గీత దాటాలి. ఒక్క స్కీ మొన కర్రకి అటు పక్కగా పోయినా ఆ రన్ పోయినట్టే. వీడియోలో కూడా నెమ్మదిగా తిప్పి చూస్తేగానీ నాకు కనపడలేదు.

ఇంకా రెండున్నాయి. స్టార్టులో పిల్ల కాలు ముందు కదులుతోంది, ఒళ్ళు తర్వాత వస్తోంది. ఆ సంగతి కింద రాస్తాను. స్కీల అంచులు గుల్మార్గ్ మెత్తటి మంచుకి సరిపోయేలా ఉన్నాయిగానీ, అక్కడ నీళ్ళు పట్టించి గడ్డకట్టించిన మంచుకి కాదు.

నాలుగు తప్పులూ కాగితం మీద రాశాక నాకు తోచింది ఇదీ: వీటిలో మంచు లేకపోతే కుదరనిది ఒక్కటీ లేదు. స్టార్టు, కోర్సు గుర్తుపెట్టుకోవడం, కర్రకి ఎటువైపు కాలు పోతోందో తెలియడం, అంచులు అరగదీయడం. నాలుగూ విజయనగరంలో చెయ్యొచ్చు. బావ నమ్మలేదు. అక్క ఖర్చెంతవుతుందని అడిగింది.

ఏప్రిల్, మొదట్లో

స్థలం దొరికింది. నెల్లిమర్ల వైపు పోయే దారిలో ఒక లేఅవుట్. ప్లాట్లు అమ్ముడయ్యాయి, ఇళ్ళు లేవలేదు. 30 అడుగుల సీసీ రోడ్డు చెరువు వైపు దిగుతుంది. మేస్త్రీ దగ్గర ట్యూబ్ లెవల్ తీసుకుని కొలిచాను. 10 మీటర్లకి 60 సెంటీమీటర్లు వాలు. ఒలింపిక్స్ స్లాలంకి నియమంలో ఉన్నది 33 నుంచి 45 శాతం, అంటే 10 మీటర్లకి మూడు మీటర్ల పైనే. మనది దాని పక్కన నేల బారు. ఫర్వాలేదు. స్కీ రేసర్లు వేసవిలో ఇన్‌లైన్ స్కేట్ల మీద గేట్లు ప్రాక్టీసు చెయ్యడం యూరప్‌లో మామూలే. స్కేటు మంచు మీద స్కీలా పక్కకి జారి వేగం తగ్గించదు, అందుకని ఈ వాలు చాలు. ఇంతకంటే ఎక్కువైతే పిల్ల చెరువులో తేలుతుంది.

కింద రోడ్డు ఆఖర్న వరిగడ్డి మోపులు అడ్డంగా పేర్చాం. వాచ్‌మన్ తాత కాసేపు చూసి, "ఇదేటి బాబూ, ఆవులకా?" అన్నాడు. ఆవులకి కూడా పనికొచ్చింది. పొద్దున్న వచ్చేసరికి సగం తినేసి ఉండేవి.

ఏప్రిల్, గేట్లు

ఈ భాగం ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే ఎవరైనా చేద్దామనుకుంటే చిక్కంతా ఇక్కడే.

అసలు స్లాలం కర్ర మంచు పైకి 1.8 మీటర్లు ఉంటుంది. అడుగున కీలు ఉంటుంది. రేసరు చేత్తోనో, ముంగాలి గార్డుతోనో కొడితే పడుకుని, వెంటనే లేచి నిలబడాలి. బయట కొనాలంటే మనకి అందే ధర కాదు, పైగా దాని అడుగు మరలా మంచులోకి బిగించేది, సిమెంటులోకి కాదు.

కరెంటు వైరింగ్ పీవీసీ పైపుతో మొదలెట్టాం. అమ్మడు గార్డు వేసుకున్న చేత్తో ఒక్కటి ఇచ్చేసరికి అది పెళుసుగా చిట్లి, మొన పైకి లేచింది. కంటికి తగిలితే? ఆ రోజే అన్నీ పక్కన పడేశాం. తర్వాత బోరు మోటార్లకి వేసే నల్ల హెచ్‌డీపీఈ పైపు తెచ్చాను. ఇది ఎంత కొట్టినా చిట్లదు. కానీ చుట్టలో వస్తుంది కాబట్టి వంకర పోదు. ముక్కలు కోసి, యాంగిల్ ఇనుముకి తాళ్ళతో బిగించి, డాబా మీద ఎండలో పడేశాం. విజయనగరం ఏప్రిల్ ఎండకి ఆ పని చెప్పక్కర్లేదు. సాయంత్రానికి తిన్నగా అయ్యాయి.

రంగు వేద్దామంటే ఆ ప్లాస్టిక్‌కి పెయింటు పట్టదు, పొరలా ఊడొస్తుంది. ఎర్ర, నీలం ఇన్సులేషన్ టేపు పైనుంచి కిందికి చుట్టాం. స్లాలంలో గేట్లు ఒకటి ఎరుపు, ఒకటి నీలం వరసగా ఉంటాయి.

కీలు దగ్గర లారీ రేడియేటర్ గొట్టం ముక్క పెట్టి క్లిప్పులు బిగించి చూశాం. వంగుతుంది, లేస్తుంది, కానీ ఎండలో మెత్తబడి బద్ధకంగా ఒక పక్కకి ఒరిగిపోతోంది. స్క్రాప్ షాపులో మోపెడ్ షాక్ అబ్జార్బర్ స్ప్రింగులు దొరికాయి. 8 ఎంఎం ప్లేటు మీద స్ప్రింగు నిలబెట్టి వెల్డు చేసి, పైన ఒక కప్పు, కప్పులో చెక్క బిరడా, దాని మీద పైపు. గట్టిగా లాగిపెట్టి కొడితే పడుకుని టంగ్‌మని లేస్తోంది. మొదట్లో మరీ హుషారుగా లేచి అమ్మడి వీపు మీద కొట్టేది. స్ప్రింగు లోపల రబ్బరు ముక్క కుక్కాక నెమ్మదించింది. ప్లేటు కింద లారీ ట్యూబు రబ్బరు అంటించాం, లేకపోతే సిమెంటు మీద జారిపోతుంది.

గేట్ల మధ్య దూరం నియమం ప్రకారమే పెట్టాం: ఒక తిరుగుడు కర్ర నుంచి ఇంకో తిరుగుడు కర్రకి 6 మీటర్లకి తక్కువ కాకుండా, 13కి మించకుండా. హెయిర్‌పిన్‌లో మాత్రం రెండు గేట్ల మధ్య మీటరు లోపే. ఆ మీటరు దూరం టేపు పెట్టి కొలిచి చూపించినప్పుడు అమ్మడు, "ఇంత దగ్గరా? నాకు మీద కనపళ్ళేదు" అంది. మరి, కొండ మీద ఎవరూ టేపు పెట్టి చూపించరు కదా.

మే

మరక పద్ధతి. ఇది అమ్మడు కనిపెట్టింది, నాది కాదు.

స్ట్రాడిల్ అయ్యిందో లేదో ఆ క్షణంలో పిల్లకే తెలియదు. పక్కన నిలబడి చూసే నాకూ అనుమానమే. అందుకని కర్ర అడుగున మోకాలి ఎత్తు దాకా నీలిమందు ముద్ద పూసి, తెల్ల మేజోళ్ళు వేసుకుని దిగింది. కర్రని సరిగ్గా చుట్టి వస్తే మరక లోపలి కాలికి, అంటే కర్ర వైపున్న కాలికి, బయటి పక్కన పడుతుంది. అదే కాలికి లోపలి పక్కన, పిక్క మీద మరకుంటే కర్ర కాళ్ళ మధ్యలోకి వచ్చినట్టు. వాదన లేదు. గేట్ జడ్జితో పనిలేదు.

రెండో వారానికి ఒక సంగతి బయటపడింది. లోపలి మరకలు దాదాపు అన్నీ ఎడమ కాలికే. అంటే ఎడమవైపు తిరిగే గేట్లలోనే. మళ్ళీ వీడియో చూశాం. ఎడమ తిరిగేటప్పుడు పిల్ల చూపు కర్ర మీద ఉంటోంది, కుడి తిరిగేటప్పుడు కింది గేటు మీద ఉంటోంది. చూపు ఎక్కడుంటే పాదం అక్కడికే పోతుంది. యాహోరినాలో కొట్టేసిన గేటు కూడా ఎడమ తిరుగుడే! పిల్ల ఆ వీడియో ముందు కాసేపు కూచుని, ఏమీ అనకుండా లేచి స్కేట్లు కట్టుకుంది.

అక్క మాత్రం మేజోళ్ళు ఉతకలేక నీలిమందు డబ్బా దాచేసింది. ఇప్పుడు సుద్దముద్ద వాడుతున్నాం, నల్ల మేజోళ్ళ మీద.

మే ఆఖరు, స్టార్టు

షాపు ముందు ప్లైవుడ్డు, యాంగిలుతో ఏటవాలు చేశాను. దాని చివర అడ్డంగా స్టార్టు పుల్ల, తలుపు కీలు మీద తిరిగేది. ముంగాలు తగిలి పుల్ల తెరుచుకున్న క్షణానే గడియారం మొదలవుతుంది. అందుకని మంచి రేసరు చేతికర్రలు పొడిచి, ఒంటిని మొత్తం పుల్ల మీదుగా ముందుకి విసిరేస్తుంది. కాళ్ళు వెనకే ఉండిపోతాయి. ఒళ్ళు వేగం అందుకున్నాకే కాలు పుల్లని తెరుస్తుంది. అమ్మడు కాళ్ళతో అడుగేసి, గడియారం మొదలయ్యాక తోసుకుంటోంది.

ఎలక్ట్రానిక్స్ మా పక్క షాపు సెల్ రిపేరు కుర్రాడివి. పుల్ల దగ్గర మైక్రోస్విచ్, మొదటి గేటు దగ్గర ఇన్‌ఫ్రారెడ్ సెన్సారు, మధ్యలో లెక్క చూసే ఆర్డునో అనే చిన్న కంప్యూటరు బోర్డు, కలపడానికి సర్వీసు వైరు. వైర్‌లెస్ పెడదామన్నాడు. వైరు ఉండగా దేనికన్నాను. ఎండెక్కితే సెన్సారు పిచ్చి లెక్కలు చూపించింది. దాని ముందు నల్లపైపు ముక్క గొట్టంలా తొడిగాక దారికొచ్చింది. స్టార్టరు గొంతు కూడా రికార్డు చేశాడు: "రెడీ", కొన్ని సెకన్ల తర్వాత "గో". ఆ ఖాళీ ప్రతిసారీ మారుతుంది. స్లాలంలో గో అన్నాక సుమారు 10 సెకన్లలోపు బయల్దేరితే చాలు, తొందరపడక్కర్లేదు. జెయింట్ స్లాలంలో అలా కాదు, లెక్కపెట్టిన క్షణానికి 5 సెకన్లు అటూ ఇటూ దాటకూడదు. ఈ రెంటినీ కలిపేసుకుని పిల్ల యాహోరినాలో గో వినగానే ఉలిక్కిపడి దూకింది. ఇప్పుడు గో అన్నాక ఊపిరి పీల్చి, చేతికర్రలు సరిచూసుకుని వెళ్తోంది.

కాలు ముందు పెట్టి, ఒళ్ళు ముందు పెట్టి, రెండు రకాలా చేయించి మొదటి గేటు దాకా టైము చూశాం. ఒళ్ళు ముందైతే సెకనులో మూడు పదో వంతుల దాకా లాభం. అంత చిన్నదానికి ఇంత గొడవా అన్నాడు బావ. ఆయనకి లెక్క వేసి చూపించాను. స్లాలంలో ఎఫ్‌ఐఎస్ (అంతర్జాతీయ స్కీ సమాఖ్య) పాయింట్లు ఇలా వస్తాయి: మన సమయాన్ని గెలిచినవాళ్ళ సమయంతో భాగించి, 730తో గుణించి, అందులోంచి 730 తీసేయాలి. పోటీ స్థాయిని బట్టి పెనాల్టీ కలుపుతారు. తక్కువ పాయింట్లుంటే మంచిది. గెలిచిన సమయం 100 సెకన్లనుకుంటే, వెనకబడ్డ ప్రతి సెకనుకీ 7.3 పాయింట్లు మీద పడతాయి. పాయింట్లు ఎక్కువుంటే స్టార్టు నంబరు వెనక్కి పోతుంది, వెనక నంబరు వాళ్ళకి ముందరివాళ్ళు మంచులో తవ్వేసిన గాడుల్లో దిగడమే మిగులుతుంది. ఆ గాడులకి మాత్రం మా సీసీ రోడ్డు మీద మందు లేదు.

జూన్, జూలై

వానలు. రోడ్డు మీదికి ఇసక కొట్టుకొస్తోంది, స్కేటుకి అది చావే. చీపురుతో ఊడ్చి, ఆరేదాకా ఆగి, అప్పుడు. సగం రోజులు పోయాయి. పోయిన రోజుల్లో కోర్సు గుర్తుపెట్టుకునే పని పెట్టాం.

పోటీ ముందు కోర్సు చూసుకోవడానికి సమయమిస్తారు. పక్కగా జారుతూ చూడాలి, గేట్లలోంచి తిరుగుతూ దిగకూడదు. అమ్మడు ఆ సమయంలో ముందు పోయే పిల్లల వెనక పోయింది, వాళ్ళతో మాట్లాడింది కూడా. ఇప్పుడు రూలేమిటంటే: సెల్ కుర్రాడు సాయంత్రం గేట్లు తన ఇష్టం వచ్చినట్టు పెడతాడు. పిల్ల ఒక్కసారి పక్కగా నడిచి దిగాలి. పైకొచ్చి కళ్ళు మూసుకుని చేతులతో కోర్సంతా దిగాలి, ఎర్ర గేటుకి ఒక చెయ్యి, నీలం గేటుకి ఒక చెయ్యి. తర్వాత షాపు గచ్చు మీద సుద్దతో గియ్యాలి. నేను టేపుతో సరిచూస్తాను. మొదట్లో పై సగం బావుండేది, కింది సగం ఊహ. హెయిర్‌పిన్ పెట్టిన చోటు గియ్యడం వచ్చేదిగానీ, దానికి ముందు గేటులో ఎక్కడ ఉండాలో గియ్యలేకపోయేది. నా లెక్కలో అసలు తప్పు అక్కడుంది. వీడియోలో హెయిర్‌పిన్ దగ్గర చెడినట్టు కనిపించినా, చెడింది రెండు గేట్ల పైన. అక్కడ దారి ఇరుకైపోతే హెయిర్‌పిన్‌లోకి దేవుడొచ్చినా దూరలేడు.

కాళ్ళ బలం కోసం కొండవెలగాడ పంపుతున్నాం. ఊరంతా వెయిట్‌లిఫ్టర్లే కాబట్టి స్క్వాట్లు చెప్పడానికి మనుషులకి కొదవ లేదు. అక్కడ ఒక పెద్దాయన అమ్మడికి కరణం మల్లేశ్వరి కథ చెప్పాడట. 2000 సిడ్నీలో మన శ్రీకాకుళం అమ్మాయి 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆఖరి ఎత్తుకి 137.5 కిలోలు అడిగారు, అందలేదు. 132.5 అడిగి ఎత్తి ఉంటే మొత్తం 242.5 అయ్యేది. స్వర్ణం గెలిచినావిడ మొత్తం కూడా అంతే. "మరి ఎందుకడిగారు?" అని పిల్ల అడిగితే, "గెలుద్దామనమ్మా" అన్నాడట పెద్దాయన. అమ్మడు ఇంటికొచ్చి నాతో గంట వాదించింది, అడగాలా వద్దా అని. నాకైతే ముందు పూర్తి చేసిన రన్ ఒకటి చేతిలో ఉండాలి. పిల్లకి అది నచ్చలేదు. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో అమెరికా స్కీ ఛాంపియన్ మికేలా షిఫ్రిన్ అంతటావిడే జెయింట్ స్లాలంలో, స్లాలంలో మొదటి కొన్ని గేట్లలోనే బయటికి పోయిందని నాకే ఎదురు చెప్పింది. అదే బీజింగ్‌లో మన దేశం తరఫున వెళ్ళిన ఒకే ఒక్కడు, గుల్మార్గ్ ఆరిఫ్ ఖాన్, జెయింట్ స్లాలం 45వ స్థానంలో పూర్తి చేశాడని నేను చెప్పాను. స్లాలం అతనికీ పూర్తి కాలేదంది. అక్క అన్నానికి పిలిచింది.

ఆగస్టు

అంచులు. ఇది నా పనిలో పని, అందుకని త్వరగా అయిపోయింది.

స్కీ అడుగున రెండు పక్కలా సన్నటి స్టీలు అంచు ఉంటుంది. మన గాలికి అది తుప్పు పట్టేస్తుంది. మార్చిలో సంచిలో పెట్టింది పెట్టినట్టే ఉంచేస్తే మేకి నారింజరంగు గీత కనిపించింది. ఇప్పుడు అడుగు భాగానికీ అంచులకీ మందంగా వ్యాక్స్ కరిగించి పూసి, గీకకుండా అలాగే ఉంచుతున్నాం. మళ్ళీ మంచు మీదికి వెళ్ళే ముందు గీకితే సరి. మా ఇస్త్రీపెట్టె వాడొద్దన్నాను. దాని వేడి ఒకచోట ఉండదు, అడుగు ప్లాస్టిక్ కాలిపోతుంది. వ్యాక్స్‌కి వేరే పెట్టె ఉంటుంది, అది క్యాంపులో అడిగి తెచ్చుకుంది. ఫ్లోరిన్ కలిసిన వ్యాక్స్ 2023-24 సీజను నుంచి ఎఫ్‌ఐఎస్ పోటీల్లో నిషేధం, కాబట్టి పాత డబ్బాలేవీ ముట్టుకోలేదు.

పక్క అంచు 88 డిగ్రీలకి అరగదీయాలి. ఆకురాయి చేత్తో పట్టుకుంటే కోణం నిలవదు. అల్యూమినియం ముక్క మిల్లింగ్ చేయించి గైడు చేశాను, ఆకురాయి దానికి బిగిస్తే కోణం మారదు. చివరికి గోరు అంచు మీద అడ్డంగా లాగితే గోరు పొట్టు రావాలి. అమ్మడు మొదట స్కీ మొత్తం ఒకే ఊపులో అరగదీసింది, ఇనప తలుపుకి తుప్పు గీకినట్టు. చిన్న చిన్న ఊపుల్లో, ఒకదాని మీద ఒకటి సగం పడేలా లాగమన్నాను. ఇప్పుడు నాకంటే శుభ్రంగా చేస్తోంది. అక్కడ చేసిపెట్టే మనిషి ఉండడు, తన అంచు తనే చేసుకోవాలి.

అక్టోబరు

దుబాయ్. స్కీ దుబాయ్‌లో, మాల్ లోపల, సున్నాకి దిగువ చలిలో. 2005లో తెరిచారు. పొడవాటి వాలు 400 మీటర్లు, దిగుడు 60 మీటర్లు. యాహోరినా ముందు చిన్నదే, కానీ పోటీ పోటీనే. టెక్కలి నుంచి వెళ్ళి అక్కడ ఏసీ పని చేసుకునే మా చుట్టాలబ్బాయి గాజుగోడ అవతల నిలబడి వీడియో తీశాడు.

రన్లన్నీ పూర్తి చేసింది. ఆఖరి వరసలోనే, గెలిచినమ్మాయి కంటే పాతిక శాతం ఎక్కువ సమయం. 730లో పాతిక శాతం 182.5, పైన పెనాల్టీ. గొప్ప పాయింట్లేమీ కావుగానీ పట్టికలో పేరు పక్కన అక్షరాలు పోయి అంకె వచ్చింది. ఒక రన్‌లో గేటు తప్పబోయి, ఆగి, రెండడుగులు పైకెక్కి, దూరి వచ్చింది! ఆ ముక్క వీడియో బావ యూనిట్లో అందరికీ చూపించాడట. మా ఊరి సిరిమాను పండగ నాటికి తిరిగొచ్చేసింది.

వీడియోలో కొత్త తప్పు కనిపించింది. డిలే గేటు. దానికి ముందు గేటు నుంచి 12 నుంచి 18 మీటర్ల దూరం ఉంటుంది, అడ్డంగా సాగాలి. మా గేట్ల లయకి అలవాటుపడ్డ పిల్ల అక్కడ ముందే తిరిగేసి, మళ్ళీ వెనక్కి దిద్దుకుంటోంది. వేగమంతా అక్కడే చచ్చిపోతోంది. స్ట్రాడిల్ ఒక్కటీ లేదు. స్టార్టు బావుంది.

డిలే గేటు అడ్డంగా సాగాలంటే 30 అడుగుల రోడ్డు చాలదు. పైగా లేఅవుట్లో రెండు ప్లాట్లకి పునాదులు తీస్తున్నారు, కంకర రోడ్డు మీదే పోశారు. గుర్ల వైపు 40 అడుగుల రోడ్లున్న వెంచరు ఒకటుందని వాచ్‌మన్ తాత చెప్పాడు, అక్కడ వాచ్‌మన్ ఆయన వియ్యంకుడేనట. ఈ ఆదివారం ట్యూబ్ లెవల్ తీసుకెళ్ళి వాలు కొలవాలి. స్ప్రింగులు కూడా మూడు నాలుగు మెత్తబడ్డాయి, స్క్రాప్ షాపువాడికి చెప్పి ఉంచాను.